పదో ఫ్యాక్ట్

పెద్దాయన ఎవరికైనా కుర్చీ చూపించి కూర్చోమన్నాడంటే ఎవరో పోయారన్నమాట. మంచి వార్త అయితే నిలబెట్టే చెప్పి పంపేస్తాడు. ఆ సంగతి ఆఫీసులో లిఫ్ట్ నడిపేవాడికి కూడా తెలుసు. ఆ ఉదయం పది గంటల పది నిమిషాలకు ఆయన మాస్టారికి కుర్చీ చూపించాడు. మాస్టారి మోకాళ్ళు కూర్చోకముందే నీరుగారిపోయాయి.

"డేగ పోయాడు" అన్నాడు పెద్దాయన. "హోటల్ గదిలో. రాత్రి భోంచేశాడు, పొద్దున లేవలేదు. గ్లాసులో ఏదో కలిపారంటున్నాడు మన డాక్టరు."

డేగ అంటే ఈ గూఢచారి ఆఫీసులో అందరికంటే చురుకైన ఫీల్డ్ ఏజెంటు. ఎన్ని సరిహద్దులు దాటాడో లెక్క లేదు. అంతటివాడు మూడో అంతస్తులో ఉండే మాస్టారు ఎదురైతే మాత్రం మెట్ల దారి పట్టేవాడు. రాత్రి అతను ఎవరితో భోంచేశాడని మాస్టారు అడిగారు. చిలకతో అని జవాబు వచ్చింది.

చిలక కోడ్ నేమ్. పొరుగు దేశపు ప్రతినిధి బృందంలో సెక్రటరీ. రెండేళ్ళుగా వాళ్ళ రహస్యాలు మనకు అమ్ముతోంది. చాలా అందగత్తె అని డేగ చెప్పేవాడు. మాస్టారు ఆమెను ఎన్నడూ చూడలేదు. ఆయనకు ఆమె కాగితాల మీదే పరిచయం.

పెద్దాయన ఒక కాగితం ముందుకు తోశాడు. అది డేగ పేరుతో వచ్చిన కవరులో, పొద్దున ఎనిమిదింటికి ఆఫీసు ఉత్తరాల సంచీలోనే కోటకు వెళ్ళింది. రేవు ముఖద్వారంలో ఉన్న ఆ కోట మీద ఫిరంగులున్నాయి. కోటవాళ్ళు ఒక ప్రతి తమ దగ్గర ఉంచుకుని, ముద్ర వేసి అసలు కాగితం తిప్పి పంపారు. ముద్ర కింద ఒక్క ముక్క: అందింది, అమలు చేస్తాం.

ఆ కాగితం ఏమిటో తెలియాలంటే మాస్టారి ఉద్యోగం ఏమిటో తెలియాలి. ఒకప్పుడు ఆయన కాలేజీలో ఇంగ్లీషు గ్రామరు చెప్పేవారు. పన్నెండేళ్ళ కిందట ఆఫీసు ఆయన్ని తెచ్చి రిపోర్ట్స్ సెక్షన్లో కూర్చోబెట్టింది. రిపోర్టులన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. వాటిలో 'దట్' అన్న మాట వచ్చిన చోటల్లా దాని ముందు ఏ నౌన్ ఉండాలో తేల్చడం ఆయన పని. వినడానికి జీతమిచ్చి చేయించాల్సిన పనిలా ఉండదు. కొత్త ఏజెంట్లు చాటుగా నవ్వుకునేవారు కూడా. కానీ లాంచీలో బాంబుందన్న పుకారు వేరు, ఉందన్న అనుమానం వేరు, ఉందన్న సంగతి వేరు. మన భాషలో విషయమంతా చెప్పాక చివర్న ఆ మాట తగిలిస్తాం. వినేవాడు అప్పటిదాకా ఆగుతాడు. ఇంగ్లీషులో అది ముందే వచ్చి కూర్చుంటుంది. ద రూమర్ దట్, ద క్లెయిమ్ దట్, ద ఫియర్ దట్, ద ఫ్యాక్ట్ దట్. విషయం ఇంకా మొదలు కాకముందే దాని బరువెంతో చదివేవాడి బుర్రలో పడిపోతుంది. చదివేవాడి చేతిలో ఫిరంగి ఉంటే మిగతాది తీరిగ్గా చదవడు.

అందుకని మాస్టారు పదకొండు నౌన్లతో ఒక కార్డు తయారు చేశారు. అన్నిటికంటే అడుగున రూమర్. ఎవరో అన్నారని ఎవరో అంటే అది రూమర్. తెలిసిన మనిషి ఒకరు చెబితే క్లెయిమ్. వస్తువేదైనా చేతికొస్తే ఎవిడెన్స్. అన్నిటికంటే పైన ఫ్యాక్ట్. మన మనిషి కళ్ళారా చూసి వచ్చి, మాస్టారి ఎదుట కూర్చుని, ఆయన అడిగే తొమ్మిది ప్రశ్నలకూ జవాబు చెప్పి సంతకం పెడితే తప్ప ఆ మాట పడదు. పన్నెండేళ్ళలో ఆయన దాన్ని తొమ్మిదిసార్లు రాశారు. తొమ్మిదీ తేదీలతో సహా గుర్తు.

ఇప్పుడు ఆయన చేతిలో ఉన్నది పదోది. ద ఫ్యాక్ట్ దట్ అంటూ మొదలైంది. దీవి నుంచి వస్తున్న తెల్ల లాంచీలో పేలుడు సామగ్రి ఉందని, దాన్ని రేవులో చమురు ట్యాంకుల పక్కన పేల్చబోతున్నారని దాని సారాంశం. కింద సాక్షిగా డేగ సంతకం. పక్కన మాస్టారి పొట్టి సంతకం.

"ఇది నేను రాయలేదు" అన్నారు మాస్టారు.

కాగితం తిరగేసి వెనక వైపు వేలితో తడిమారు. మూడో అంతస్తులో ఒక పద్ధతి ఉంది. టైపిస్టు రిపోర్టంతా కొట్టి నౌన్ ఉండాల్సిన చోట ఖాళీ వదులుతుంది. మాస్టారు ఆలోచించి, పెన్సిలుతో గట్టిగా నొక్కి రాస్తారు. ఒక పూట గడిచాక కూడా మనసు మారకపోతే ఆవిడ పెన్సిలు గీతలు చెరిపి, దాని మీదే టైపు కొడుతుంది. గీతలు పోయినా నొక్కుడు పోదు. కాగితం వెనక వేలికి తగులుతుంది. ఈ కాగితం వెనక గాజుపలకలా నున్నగా ఉంది.

తానూ అది తడిమి చూసి, దొంగ కాగితమని కోటకు ఫోన్ చేసి చెప్పానన్నాడు పెద్దాయన. పెన్సిలు సంగతి మీ రూల్సులో ఎన్నో పేజీలో ఉందని వాళ్ళు అడిగారట. ఏ పేజీలోనూ లేదు. రూల్సు రాసింది మాస్టారే. పెన్సిలు ఆయన అలవాటు. అలవాటును రూలుగా రాయాలని ఆయనకు ఎన్నడూ తోచలేదు. పైగా నాలుగేళ్ళ కిందట ఎవడో పెద్దాయన గొంతును అచ్చు దించి ఫోన్ చేశాడు. అప్పటినుంచి కోటవాళ్ళు ఫోన్లో దేవుడు చెప్పినా వినరు.

డేగ సంతకం మాత్రం నిజమైనదే. అది ఎలా వచ్చిందో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనలేదు. మాస్టారి తొమ్మిది ప్రశ్నలకు జడిసి ఫీల్డ్ ఏజెంట్లు ఖాళీ ఫారాల మీద ముందే సంతకాలు పెట్టి జేబులో ఉంచుకునేవారు. తర్వాత ఫోన్లో చెప్పి నింపించుకోవచ్చని వాళ్ళ ఎత్తు. రెండుసార్లు డేగ జేబులోంచి అలాంటివి తీసి మాస్టారు చింపేశారు. "మీ ప్రశ్నలకంటే ముళ్ళకంచె నయం మాస్టారూ" అన్నాడు అతను. మెట్ల దారి అప్పుడే మొదలైంది. నేనే చంపుకున్నాను వాణ్ణి అనిపించింది మాస్టారికి.

పెద్దాయన గడియారం చూసి గబగబా చెప్పాడు. లాంచీలో వస్తున్నది పొరుగు దేశపు బృందం. పన్నెండున్నరకు రేవు పక్కన భవనంలో యుద్ధ విరమణ మీద సంతకాలు జరగాలి. రెండు పక్షాలకూ ఆయుధాలమ్మే విదేశీ ముఠాకు అది గిట్టదు. మన ఫిరంగులు ఆ లాంచీని ముంచితే సాయంత్రానికి మళ్ళీ యుద్ధం. లాంచీ సరిగ్గా పన్నెండుకు, నీళ్ళలో తేలే ఎర్ర బోయా దగ్గరికి వస్తుంది. అక్కడే కాల్చాలని ఆర్డరు. ఈలోపు ఆగినా, వెనక్కి తిరిగినా తప్పు ఒప్పుకున్నట్టే లెక్క. వెంటాడి ముంచడానికి రెండు గన్‌బోట్లు సిద్ధంగా ఉన్నాయి.

"ఫ్యాక్ట్‌ని రద్దు చేయాలంటే రూలేమిటి?" అన్నాడు పెద్దాయన, తెలియనట్టు.

"సంతకం పెట్టినవాడే వచ్చి రద్దు చేయాలి. లేదా ఇంకో సాక్షి కళ్ళారా చూసి ఇంకో ఫ్యాక్ట్ ఇవ్వాలి."

"కోట రిజిస్టర్లో సాక్షులు నలుగురు. డేగ లేడు. రెండోవాడు దేశంలో లేడు. మూడోవాడి కాలికి కట్టు. నాలుగో పేరు చూడండి."

నాలుగో పేరు మాస్టారిదే. రిజిస్టరు మొదలుపెట్టిన రోజు సంతకం ఎక్కడ పెట్టాలో చూపించడానికి ఆయనే ఒకటి పెట్టారు. ఎవరూ కొట్టేయలేదు. అది నమూనా సంతకమండీ అని ఆయన గొణిగారు. కోటవాళ్ళ దృష్టిలో సంతకం సంతకమే అన్నాడు పెద్దాయన. తర్వాత కొంచెం తగ్గి, "లాంచీలో ఇంటర్‌ప్రెటర్ మీ మేనకోడలు" అన్నాడు.

మాస్టారి అక్క పోయినప్పుడు ఆ పిల్లకు ఆరేళ్ళు. అప్పటినుంచి ఆయన చేతుల్లోనే పెరిగింది. పక్కింటి పిల్లి నన్ను చూసి నవ్వింది మామయ్యా అంటే, అది ఫ్యాక్టా బిలీఫా అని అడిగి ఏడిపించేవారు. ఇప్పుడు రెండు దేశాల మధ్య మాటలు అటూ ఇటూ మోస్తోంది. మామయ్య స్కూలు పుస్తకాల్లో తప్పులు దిద్దే ఉద్యోగం చేస్తాడని ఆమె నమ్మకం.

లేస్తూ మాస్టారు చిలక గురించి అడిగారు. ఆమె కూడా అదే లాంచీలో ఉందట. "మునిగే లాంచీ తెలిసి తెలిసి ఎవరూ ఎక్కరు. కాబట్టి డేగని చంపింది ఆవిడ కాదు" అన్నాడు పెద్దాయన. అది మీ ఊహండీ అనబోయి మాస్టారు నోరు మూసుకున్నారు. అలవాటు అంత తొందరగా పోదు.

ఆఫీసు నేలమాళిగలో వేషాలూ పరికరాలూ చూసే మెకానిక్ ఆయనకు తెల్లకోటు, టోపీ, హార్బర్ హెల్త్ ఇన్‌స్పెక్టర్ బ్యాడ్జీ తగిలించాడు. జేబులో ఒక థర్మామీటర్ డబ్బా పెట్టాడు. మూత ఎడమకు తిప్పితే కోట పలుకుతుంది. అంత చిన్న డబ్బాలో బ్యాటరీ రెండు నిమిషాలకంటే పట్టలేదట. ఈ రోజు కోడ్ వర్డ్ నీలి గొడుగు. పిస్తోలు కావాలా అని అడిగాడు. ముందు తననే కాల్చుకుంటానని మాస్టారు వద్దన్నారు.

స్పీడ్‌బోటు ప్రయాణం గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. మాస్టారికి నీళ్ళంటే భయం, వేగమంటే భయం, అబద్ధమాడటమంటే అన్నిటికంటే భయం. మూడూ ఒకేసారి వచ్చిపడ్డాయి. కుడిపక్క కోట కనబడుతోంది. గోడ మీద ఫిరంగులు నిదానంగా సముద్రం వైపు తిరుగుతున్నాయి. బోటు నడిపే అతను వాటిని చూసి ఏమిటివాళ ప్రాక్టీసా అన్నాడు. మాస్టారు టోపీ ఎగిరిపోకుండా రెండు చేతులా పట్టుకున్నారు.

పదకొండూ ముప్పైకి లాంచీ అందింది. దాన్ని నడిపే సరంగు విసుక్కుంటూ తాడు నిచ్చెన వదిలాడు. లాంచీ ఆపొద్దని, నడుస్తూ ఉండగానే తనిఖీ చేస్తానని మాస్టారు చెప్పారు. ఏదో జ్వరం వ్యాపిస్తోందని, సామాను చూడాలని మెకానిక్ నేర్పిన మాటలన్నీ ఒక్క ఊపిరిలో అప్పజెప్పారు.

లోపల బెంచీల మీద పొరుగు దేశపు బృందం కూర్చుని ఉంది. మధ్యలో సముద్రం పడక మొహం పాలిపోయిన ముసలాయన. ఆయనే బృందానికి పెద్ద. రెండు పక్కలా ఇద్దరు బాడీగార్డులు. ఎదురుగా మేనకోడలు, ఒళ్ళో నోటు పుస్తకంతో. ఆమె తలెత్తి చూసింది. "మా..." అంది. అంతలో టోపీనీ, బ్యాడ్జీనీ, ఆయన వణుకునూ చూసింది. నోరు మూసుకుంది. ముసలాయన వైపు తిరిగి వాళ్ళ భాషలో చదివినట్టు చెప్పింది: హెల్త్ ఇన్‌స్పెక్టరు వచ్చారు, అందరూ దయచేసి కూర్చునే ఉండండి. పిల్లను బాగా పెంచాననుకున్నారు మాస్టారు. ఆ ఆలోచనకే కళ్ళు చెమర్చాయి.

వెతకడం మొదలుపెట్టారు. ఇంజన్ గది. బెంచీల కింద లైఫ్ జాకెట్ల పెట్టెలు. జెండాల ట్రంకు. నీళ్ళ ట్యాంకులో భుజం దాకా చెయ్యి పెట్టి అడుగు తడిమారు. టీ సామాన్ల అలమరలో ఒక్కో డబ్బా మూత తీశారు. ముసలాయన తన బ్రీఫ్‌కేసు తానే తెరిచి చూపించాడు. లోపల కాగితాలు, మందుల సీసా, మనవరాలి ఫోటో ఉన్నాయి. ప్రతి మూత తీసేముందు మాస్టారి గుండె ఆగేది. మూత తీశాక మళ్ళీ కొట్టుకునేది.

పదకొండూ నలభై ఎనిమిదికి ముందు క్యాబిన్ ఒక్కటే మిగిలింది. దానికి తలుపు లేదు, చిన్న తెర ఉంది. తెర తీస్తే ఆకుపచ్చ కోటు వేసుకున్నావిడ ఒక పొడవాటి పెట్టె మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. డేగ అబద్ధం చెప్పలేదు, అందగత్తే. పెట్టెకు తాళం ఉంది.

పెట్టె తీయాలన్నారు మాస్టారు. తాళంచెవి పోయిందని ఆమె మన భాషలోనే చక్కగా చెప్పింది. లోపల ఉన్నవన్నీ లాంచీ కట్టే పాత తాళ్ళేనట. తర్వాత ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. ఆయన చొక్కా జేబులో పెన్సిలు ఉంది. మెకానిక్ అన్నీ మార్చాడు గాని దాన్ని తీయించలేదు. రాసి రాసి నల్లబడ్డ చూపుడువేలును కూడా ఆమె చూసింది.

"మూడో అంతస్తు" అంది మెల్లగా. "మీరేనా మాస్టారు? రెండేళ్ళు నేను ప్రాణాలకు తెగించి ఏం చెప్పినా క్లెయిమ్ అనే రాశారట. ఒక్కసారైనా ఇంకో మెట్టు ఎక్కించలేదు. డేగ చెప్పి నవ్వేవాడు."

"మీరు చెప్పినవాటిలో నేను చూసింది ఏదీ లేదమ్మా" అన్నారు మాస్టారు. అది ధైర్యం కాదు. వేరే జవాబు తోచలేదు.

గుండ్రటి కిటికీలోంచి ఎర్ర బోయా కనబడింది. అరచేయంత ఉంది.

ఆ క్షణంలో మాస్టారికి ఒక దారి కనిపించింది. డబ్బా మూత తిప్పి, అంతా చూశాను, ఏమీ లేదు అనేయొచ్చు. కోట ఆగిపోతుంది. పిల్ల బతుకుతుంది. ఈ ఒక్క పెట్టె సంగతి ఎవరికి తెలుస్తుంది? ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది కూడా. డబ్బా పట్టుకుని అలాగే ఉండిపోయారు. పెట్టెలో నిజంగానే ఉంటే? రేవులో కూలీలు, ట్యాంకుల వెనక వీధులు, ఆ వీధుల్లో బడులు. చూడనిదాన్ని చూశానని రాస్తే తనకూ ఈ ఆకుపచ్చ కోటావిడకూ తేడా ఏముంది? వెనక బెంచీ మీద మేనకోడలు గొంతు వినిపిస్తోంది. ముసలాయనకు ఒడ్డు ఇంకెంత దూరమో చెబుతోంది. మాస్టారికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే గోడకు తగిలించిన నిప్పు గొడ్డలి తీశారు.

ఆమె లేచింది. హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పిస్తోలు తీసి, తన ఒంటి చాటున పట్టుకుంది. బెంచీల మీదివాళ్ళకు అది కనబడదు. "ఆ గొడ్డలి కింద పెట్టండి. పెట్టె ముట్టుకుంటే కాలుస్తాను" అంది, అంతే మెల్లగా, మన భాషలో. లోపల మన భాష వచ్చినవాళ్ళు ముగ్గురే. ఆమె, మాస్టారు, మూడోది మేనకోడలు.

ఇంటర్‌ప్రెటర్లకు ఒక అలవాటుంటుంది. చెవిన పడ్డ ప్రతి మాటా నోట్లోంచి ఇంకో భాషలో బయటికి రావాలి. కోపం, భయం ఏదీ కలపకూడదు. అచ్చం అలాగే, వార్తలు చదివినట్టు, కాస్త గొంతు పెంచి మేనకోడలు వాళ్ళ భాషలో చెప్పింది: "ఇన్‌స్పెక్టరుగారు పెట్టె ముట్టుకుంటే ఆయన్ని కాలుస్తానని సెక్రటరీగారు అంటున్నారు."

బాడీగార్డులు ఇద్దరూ ఒక్కసారే లేచారు. చిలక తల తిప్పింది. ఆ తిప్పిన అరక్షణంలో మొదటివాడు ఆమె మణికట్టు పట్టుకుని పైకెత్తాడు. గుండు క్యాబిన్ కప్పులోంచి పోయింది. ఆ చప్పుడుకు మాస్టారు కళ్ళు గట్టిగా మూసుకుని గొడ్డలి వేశారు. మొదటి దెబ్బ గోడకు తగిలింది. రెండోది తాళానికి తగిలింది.

పెట్టెలో బాంబు లేదు. గాలి నింపే రబ్బరు పడవ ఒకటి, ఒక్క లైఫ్ జాకెట్, ఒక్క తెడ్డు. ఒకే ఒక మనిషికి సరిపడా సరంజామా. వెనక తలుపులోంచి దిగి పొగలో తప్పించుకునే ఏర్పాటు. ఆయుధాల ముఠాకు పనిచేస్తూ కూడా ఆవిడ మునిగే లాంచీ ఎలా ఎక్కగలిగిందో అప్పుడు తెలిసింది. పెద్దాయన ఊహ ఊహగానే మిగిలింది.

పదకొండూ యాభై ఎనిమిది. మాస్టారు డబ్బా మూత తిప్పారు. కుడికి తిప్పారు. మేనకోడలు చేతిలోంచి తీసుకుని ఎడమకు తిప్పింది.

"కోట" అంది డబ్బా.

"నీలి గొడుగు. ద ఫ్యాక్ట్ దట్..." మళ్ళీ మొదలుపెట్టారు. "ద ఫ్యాక్ట్ దట్ తెల్ల లాంచీలో పేలుడు సామగ్రి ఏదీ లేదు. పొద్దున అందిన రిపోర్టు దొంగది."

ఇంగ్లీషూ తెలుగూ కలిసిపోయి వచ్చింది. క్లాసులో ఏ కుర్రాడైనా అలా చెప్పి ఉంటే బెంచీ ఎక్కించేవారు. కోట మాత్రం సాక్షి నంబరెంత అని అడిగింది. మాస్టారికి గుర్తు రాలేదు. సొంత పేరు కూడా గుర్తు లేదు. రిజిస్టరులో పేజీ కళ్ళముందుకు తెచ్చుకుని, పైనుంచి లెక్కపెట్టుకుని, నాలుగు అన్నారు.

"కళ్ళారా చూశారా?"

"చూశాను."

"మీ చేత్తో తెరిచారా?"

"తెరిచాను."

ఒక్కో ప్రశ్నా ఆయనదే. కాలేజీ ప్రశ్నపత్రంలా ముచ్చటపడి తయారు చేసుకున్నవి. ఇంత పొడుగ్గా ఎందుకు రాశానురా అని అప్పుడు తల బాదుకోవాలనిపించింది. బోయా ఇప్పుడు కిటికీ నిండా ఉంది. డబ్బాలో చిన్నగా గరగర మొదలైంది. బ్యాటరీ అయిపోతోంది.

ఏడో ప్రశ్న వచ్చింది. "చూడనిది ఇంకా ఏమైనా మిగిలిందా?"

లేదు అనబోయి మాస్టారు ఆగారు. మిగిలింది. హ్యాండ్‌బ్యాగు. నేల మీద పడి ఉంది. "ఒక్క క్షణం" అన్నారు కోటతో. తన చెవులను తానే నమ్మలేనట్టు మేనకోడలు ఆయన్ని చూసింది. ఆయన బ్యాగు ఎత్తి బెంచీ మీద బోర్లించారు. అద్దం, దువ్వెన, లిప్‌స్టిక్, మడతపెట్టిన ఖాళీ ఫారం ఒకటి, దాని అడుగున డేగ సంతకం. పక్కన మాస్టారి పదకొండు నౌన్ల కార్డు, అంచులు నలిగి. డేగ జేబులోది. మాస్టారు దాన్ని ఒక్కసారి ముట్టుకున్నారు.

"ఏమీ మిగల్లేదు" అన్నారు.

ఎనిమిదో ప్రశ్న వినబడకముందే డబ్బా మూగబోయింది.

మేనకోడలు ఆయన చెయ్యి పట్టుకుంది. బోయా మీది గంట అలలకు ఊగి ఒకసారి మోగింది. మాస్టారు కోటనే చూస్తున్నారు. ఫిరంగులు కదలలేదు. ఎర్ర బోయా పక్కనుంచి, ఇంచుమించు చేతికందేటంత దగ్గరగా, వెనక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత, ఏడు జవాబులే చాలనుకున్నారేమో, ఫిరంగులు ఒక్కొక్కటిగా మొహం తిప్పుకున్నాయి. మాస్టారు అక్కడే, రబ్బరు పడవ మీద కూలబడ్డారు.

పన్నెండూ నలభైకి సంతకాలు జరిగాయి. చిలకను వేరే కారులో తీసుకెళ్ళారు. ఎక్కేముందు మాస్టారి వైపు చూసి, ఇప్పుడైనా మెట్టు ఎక్కిస్తారా అని అడిగింది. ఆయనకు జాలేసింది. డేగ గుర్తొచ్చి ఆ జాలి ఆగిపోయింది.

మేనకోడలు ఆయనతోపాటే ఆఫీసుకు వచ్చింది. దారంతా ఏమీ అడగలేదు. మూడో అంతస్తులో ఆ బల్ల, పెన్సిళ్ళు, గోడ మీద కార్డు చూశాక అడిగింది.

"మామయ్యా, నువ్వు స్కూలు పుస్తకాలు దిద్దుతావన్నది ఏ నౌన్ కిందికి వస్తుంది?"

"బిలీఫ్ అమ్మడూ. అది నీదే. నేనెప్పుడూ దాని మీద సంతకం పెట్టలేదు" అన్నారు మాస్టారు. ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. ఆయన ఆమె తల నిమురుతూ, డేగ పోయిన సంగతి, ఆ సంతకాల సంగతి, అందులో తన వంతు ఎంతో అంతా చెప్పారు. రేపటినుంచి ప్రశ్నలు మూడుకు తగ్గించాలని, పెన్సిలు సంగతి రూల్సులో రాయాలని అప్పుడే అనుకున్నారు. ఏడో ప్రశ్న మాత్రం ఉంచాలి.

నాలుగింటికి టైపిస్టు ఒక రిపోర్టు తెచ్చింది. మాస్టారికి పతకం ఇవ్వాలని పెద్దాయన పైవాళ్ళకు రాయించాడట. అలవాటు ప్రకారం నౌన్ చోట ఖాళీ ఉంది. ఖాళీ తర్వాత దట్. తనిఖీలో ఏ దశలోనూ మాస్టారు భయపడలేదని ఆ వాక్యం. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. పెన్సిలు తీసి, గట్టిగా నొక్కి, రూమర్ అని రాశారు.

"పెద్దాయన ఫ్యాక్ట్ అని కొట్టమన్నారండీ" అంది టైపిస్టు.

"సాక్షి సంతకం ఎవరు పెడతారమ్మా? నేను పెట్టలేను. నా మోకాళ్ళను నేను కళ్ళారా చూశాను."